పెద్దనైనా బిగించిన ఐపీసు

మా పెద్దనైనా గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని ఆయన కొడుకు సుందరం వచ్చి అడిగాడు. నాలుగు కాకపోయినా ఒక్కటైనా దొరుకుతుందేమోనని వారం రోజులు వెతికాను. దొరకలేదు. దొరికింది ఇది. సుందరం దీన్ని అచ్చు వేయడని నాకు తెలుసు. వేయకపోతే నాకొచ్చే నష్టమేమీ లేదు.

పెద్దనైనా అంటే మా నాన్నకు అన్న. నాన్నను మేము నైనా అనేవాళ్లం. తరాల కిందట మద్రాసు చేరిన మాలాంటి తెలుగువాళ్ల ఇళ్లలో అదే పిలుపు. పెద్దనైనా పోయి ఏడాది కావస్తోంది. తొంభై దాటాక, పెరంబూరులో తన సొంత ఇంట్లో, తన మంచం మీద, పిల్లలూ మనవలూ చుట్టూ ఉండగా హాయిగా పోయాడు. జీవితమంతా ఆయన సైన్సు మాస్టారుగా పనిచేసిన బడిలో ఇప్పుడు సంవత్సరీకం సభ పెడుతున్నారు. పాత విద్యార్థులు ఒక పుస్తకం వేస్తున్నారట. బడికి ఆయన పేరు మీద ఒక టెలిస్కోపు ఇస్తున్నారట. ఆకాశాన్ని పేటకు పరిచయం చేసిన మనిషి అని ఆహ్వానపత్రంలో రాశారు. ఆ వాక్యం దగ్గర నాకు కాఫీ చేదెక్కింది.

"అక్కా, నువ్వు కాలేజీ ల్యాబులో అన్నేళ్లు ఉండినదానివి," అన్నాడు సుందరం, సోఫాలో కూర్చుని చెమట తుడుచుకుంటూ. "టెలిస్కోపు కొనేసినాం. దాంతోపాటు వచ్చిన ఐపీసులు అంత బాగలేవంట. మంచివి రెండో మూడో వేరే కొనాల. ఎక్కువ ఖరీదు వద్దు. ఏవి కొనాలో చెప్పు. అట్నే మా నైనా గురించి సుమ్మా, ఊరికే రెండు పేజీలు రాసియ్యి."

ఫోనులో అట్టపెట్టె ఫొటో చూపించాడు. పెట్టె మీద శనిగ్రహం బొమ్మ, దాని పక్కన ఐదువందల రెట్లు పెద్దదిగా చూడవచ్చునని పెద్ద అక్షరాలు. నాలుగంగుళాల అద్దంతో ఐదువందల రెట్లు! చూడగానే ఒళ్లు మండింది. అయినా ఓపికగానే చెప్పాను. టెలిస్కోపులో వెలుతురును పోగుచేసేది అద్దం. పోగైన బొమ్మను పెద్దది చేసి కంటికి చూపించేది ఐపీసు, అంటే మనం కన్ను ఆనించి చూసే ఆ చిన్న కటకాల గొట్టం. దాని మీద రాసున్న మిల్లీమీటర్ల అంకె ఎంత చిన్నదైతే బొమ్మ అంత పెద్దది. అమ్మేవాళ్లు చెప్పేది ఇక్కడి వరకే. బొమ్మ పెరిగేకొద్దీ మసకబారుతుందనీ, గాలిలోని వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుందనీ, కన్ను పెట్టవలసిన రంధ్రం గుండుసూది తలకాయంత అవుతుందనీ, చంద్రుడు రెండు క్షణాల్లో పక్కకు జారిపోతాడనీ చెప్పరు. అందుకని మొదట కొనవలసింది తక్కువ రెట్లది. ఇరవై అయిదు మిల్లీమీటర్లది ఒకటి. ప్లోసెల్ రకం అని అడిగితే ఇస్తారు, లోపల నాలుగు కటకాలుంటాయి, అంచుదాకా బొమ్మ శుభ్రంగా ఉంటుంది, కళ్లద్దాల పిల్లలు కూడా చూడగలరు. తర్వాత అదే రకంలో పది మిల్లీమీటర్లది ఒకటి. అంతే. ఆ రెండూ ఉంటే పదేళ్లు గడుస్తాయి. పెట్టెలో వచ్చిన నాలుగు మిల్లీమీటర్ల దాన్ని పిల్లల చేతికి ఇవ్వకండి.

సుందరం ముఖం ముడుచుకున్నాడు. "అదేందక్కా, ఉండేదాంట్లో పవరున్నది అదే గదా. పిల్లోళ్లకు పెద్దగా కనబడాల. మా నైనా ఎప్పుడూ అదే చెప్పేవాడు, పవరుండాల, పవరుండాల అని."

"ఆమా, చెప్పేవాడు," అన్నాను.

ఆ మాట తర్వాత అతనికి రెండో కాఫీ ఇవ్వబుద్ధి కాలేదు. ఇవ్వలేదు కూడా.

మేము పెరంబూరులో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. నైనా రైల్వే వర్కుషాపులో టర్నరు, లేతు మీద ఇనుము చెక్కే పని. పొద్దున సైరను కూయకముందే అమ్మ రాగిసంగటి ముద్దలు చేసి మజ్జిగలో వేసేది; అది తాగి, టిఫిను క్యారియరు సైకిలుకు తగిలించుకుని ఆయన వెళ్లేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే ముందుగా వచ్చేది వాసన. యంత్రాల నూనె, కిరసనాయిలు, వేడెక్కిన ఇనుము కలిసిన వాసన. పెరట్లో కూర్చుని రంపపు పొట్టు, బట్టల సబ్బు కలిపి మోచేతుల దాకా రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ల కింద నలుపు పోయేది కాదు. ఆ నలుపు అంటే నాకు సిగ్గుగా ఉండేది. ఇది ఇప్పుడే చెప్పేస్తే మంచిది. నేను చదువులో ఫస్టు వచ్చే పిల్లను. బడిలో ఫారం మీద నైనా సంతకం పెట్టేటప్పుడు కాగితం మీద వేలిముద్ర పడుతుందేమోనని పక్కనే నిలబడి కాపలా కాసేదాన్ని.

తాత తొందరగా పోయాడు. అప్పుడు నైనా ఎనిమిదో క్లాసు, పెద్దనైనా పదో క్లాసు. ఇద్దరిలో ఒకరే చదవగలిగే పరిస్థితి. చిన్నవాడు బడి మానేసి వర్కుషాపులో అప్రెంటిసుగా చేరాడు, పెద్దవాడు బీఎస్సీ చదివి, మాస్టారు పరీక్ష పాసై, కోటు వేసుకుని ఫొటో దిగాడు. ఆ ఫొటో మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉండేది. ఎవరు ఎవరికోసం చదువు మానారో మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నైనా ఎత్తకపోవడం ఆయన మంచితనం. పెద్దనైనా ఎత్తకపోవడం వేరే.

ఆదివారం పదిగంటలకు పెద్దనైనా మా ఇంటికి వచ్చేవాడు. తొమ్మిదిన్నరకే అమ్మ కుర్చీ తుడిచి, ఆయనకని వేరుగా ఉంచిన ఇత్తడి లోటా, గ్లాసు చింతపండుతో తోమి సిద్ధం చేసేది. ముందు గొడుగు మూస్తున్న చప్పుడు, తర్వాత నస్యం వాసన, తర్వాత ఆయన. ఆయన ఉన్నంతసేపూ నైనా కూర్చునేవాడు కాదు. గోడకు ఆనుకుని నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పేవాడు. పెద్దనైనా ఇడ్లీ తింటూ ఇంట్లో అందరినీ పరీక్షించేవాడు. అమ్మను కూరగాయల ధర, నన్ను ఎక్కాలు, నైనాను ఇంగ్లీషు. నైనా తప్పు చెబితే నవ్వేవాడు. పెద్ద నవ్వేమీ కాదు, ముక్కులోంచి గాలి వదలడం, అంతే. నేను తప్పు చెప్పేదాన్ని కాదు. "ఇది మాత్రం మా పోలిక," అనేవాడు నా నెత్తిన చెయ్యి పెట్టి. ఆ చెయ్యి బరువుకు నేను ఎంత పొంగిపోయేదాన్నో తలచుకుంటే ఇప్పుడు నెత్తి కడుక్కోవాలనిపిస్తుంది.

నైనాకు టెలిస్కోపు పిచ్చి ఎలా పట్టిందంటే, రిటైరైపోతున్న ఫోర్మను ఒకాయన తన సామానులోంచి రెండు మందపాటి గాజు బిళ్లలు, ఒక పాత ఇంగ్లీషు పత్రిక ఇచ్చి, నీ చేతికి పని తెలుసు, చేసి చూడు అన్నాడు. పత్రికలోని బొమ్మలు నైనాకు అర్థమయ్యాయి; అక్షరాలు నేను చదివి చెప్పాను. వరండాలో ఒక పీపాను ఇసుకతో నింపి, దాని మీద ఒక బిళ్ల బిగించి, అద్దం కావలసిన రెండో బిళ్లను పైన పెట్టి, మధ్యలో తడిపిన రాతిపొడి వేసి రుద్దుతూ, పీపా చుట్టూ నడిచేవాడు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి రెండు గంటలు. వానల కాలమంతా అదే. గరగరమనే ఆ చప్పుడుకే నేను లెక్కలు చేసుకునేదాన్ని. రోజులు గడిచేకొద్దీ పొడి మెత్తబడింది, చప్పుడు గుసగుసైంది. చివర్లో మెరుగుకు ఎర్రపొడి వచ్చింది. నైనా చేతులు, అమ్మ తలగడ గలీబులు, నా నోటుపుస్తకం అట్ట, అన్నీ ఎర్రబడ్డాయి. "కాపురం చేస్తాండామా, ఎర్రజాజు కొట్టు పెట్టినామా?" అని అమ్మ విసుక్కునేది. కానీ మెరుగుపెట్టే తారు కరగబెట్టడానికి తన పాత దోసెపెనం ఇచ్చింది కూడా ఆమే.

అద్దానికి వెండిపూత పార్కు టౌనులో ఒక ముసలాయన వేశాడు. రేకు చుట్టి గొట్టం చేసి, మూడు కాళ్ల స్టాండు మీద నిలిపాడు. ఇక ఐపీసు కావాలి. కొత్తవి కొనే తాహతు లేదు, అవి దొరికే చోటు కూడా తెలియదు. మూర్ మార్కెట్‌లో పాత సామాన్ల మధ్య పగిలిపోయిన బైనాక్యులరు ఒకటి పట్టుకొచ్చాడు. దాంట్లోని కటకాలు ఊడదీసి, వర్కుషాపులో తీసి పారేసిన ఇత్తడి ముక్కను అడిగి తెచ్చుకుని, భోజనం గంటలో లేతు మీద గొట్టం తిప్పి, అందులో అమర్చాడు. నలభై రెట్లు వచ్చిందని నేనే లెక్కకట్టి చెప్పాను. మంచి ఐపీసు. ఇన్నేళ్లు ల్యాబులో వాటితోనే బతికినదాన్ని, చెప్పగలను. చేత్తో పట్టుకుంటే చల్లగా, బరువుగా, అంచులు ఎక్కడా గీరుకోకుండా ఉండేది.

దీపాలు పెట్టే వేళకు మిద్దె మీద మొదటిసారి చంద్రుణ్ణి చూశాం. అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని వంగి చూసి, "ఇదేందబ్బా, గచ్చు ఊడిపోయిన గోడ మాదిరి ఉండాది," అంది. నేను చూశాను. గుంటలు, గుంటల అంచుల మీద ఎండ, గుంటల్లో నీడ. ఇంకో రోజు గురుగ్రహం, దాని పక్కన వరసగా నాలుగు చుక్కలు. మర్నాటికి ఆ చుక్కలు స్థానం మార్చుకున్నాయి. అవి గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులని నేను చెబితే, నైనా నా వైపు తిరిగి, "అయితే ఈడనుంచే అవి తిరిగేది మనకు కనబడతాందా మ్మే!" అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. చూశాను. నా రెండు కళ్లతో చూశాను. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

వార్త క్వార్టర్సంతా పాకింది. పెద్దనైనా పనిచేసే బడి హెడ్మాస్టరు చెవిన కూడా పడింది. ఆయన తమిళాయన, నిదానస్తుడు. శనివారాలు సాయంత్రం నైనాను బడికి పిలిచి, పిల్లలచేత అద్దాలు రుద్దించి టెలిస్కోపు చేయించాలని ఆయనకు ఆలోచన వచ్చింది. ముందు ఒకసారి చూద్దామని పెద్దనైనాతో కబురు పంపాడు. ఆ కబురు విని నైనా అమ్మను, "బడిలోకి పోయేటప్పుడు చెప్పులు ఇడిచి పోవాల్నా?" అని అడిగాడు. ఎనిమిదో క్లాసులో వదిలిన గేటు లోపలికి నేర్పించేవాడిగా వెళ్లడం. అది ఆయనకు ఎంతటిదో నాకు పదమూడేళ్ల వయసులో కూడా అర్థమైంది. అర్థమైంది కాబట్టే నా తప్పు పెద్దది.

అనుకున్న రోజు సాయంత్రం మిద్దె మీద ఇరవైమంది దాకా చేరారు. హెడ్మాస్టరుకు కుర్చీ వేశారు. నైనా ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు, గోళ్లు మాంసం దాకా కత్తిరించుకున్నాడు. అర్ధచంద్రుడు నడినెత్తిన ఉన్నాడు, చూడటానికి అంతకంటే మంచి ఘడియ లేదు. నైనా గొట్టం తిప్పి, కన్ను ఆనించి, సరిచేసి, పక్కకు జరిగాడు. అప్పుడు పెద్దనైనా వచ్చాడు. జేబులోంచి మఖమలు పెట్టె తీశాడు. అందులో విదేశంలో చేసిన నాలుగు మిల్లీమీటర్ల ఐపీసు, చిటికెన వేలంత.

"నీ నలభై రెట్లు ఎవురికి కావాల్రా? ఇదైతే రెండువందల యాభై," అని నైనా చేసిన ఇత్తడి ఐపీసు ఊడదీసి తన జేబులో వేసుకుని, దాన్ని బిగించాడు.

"అన్నా, దానికి ఇంత అద్దం చాలదనుకుంటా. స్టాండు కాళ్లు కూడా అదురుతాయి. ముందు నాది పెట్టి చూపిద్దాం," అన్నాడు నైనా, వినీవినబడనట్టు.

"లెన్సుల పాఠం నాకు నువ్వు చెప్తావా?"

అందరూ నవ్వారు. హెడ్మాస్టరు వంగి చూశాడు. పగలంతా కాగిన మిద్దె సెగలు కక్కుతోంది, రేకు గొట్టం గాలికి ఊగుతోంది. ఆ సూదిబెజ్జంలో ఏం కనబడుతుంది? బూడిదరంగు పొగ ఒకటి వణుకుతూ జారిపోయి ఉంటుంది. ఆయన తల ఎత్తి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసి, "మేఘం మాదిరి ఉంది," అన్నాడు. ఆయన వెనక నలుగురు చూశారు. ఒకామె, "నాకు నా కనురెప్పే కనబడతాంది," అంది. మళ్లీ నవ్వులు. నైనా మళ్లీ నోరు తెరవబోయాడు.

పెద్దనైనా నైనా భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినబడేలా అన్నాడు: "వీడి తప్పేం లేదులే సార్. చేత్తో రుద్దింది చేత్తో రుద్దినట్టే ఉంటాది. అద్దం లెక్క ప్రకారం రావాలంటే చదువుండాల." అని నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు దినామూ చూస్తాండావు గదా. క్లాసు ఫస్టు పిల్లవి. నువ్వు చెప్పు సారుకి. అద్దం బాగుండాదా?"

హెడ్మాస్టరు నన్ను చూశాడు. ఇరవైమందీ చూశారు. నైనా కూడా చూశాడు. ఆయన ముఖంలో భయం లేదు. ఇక అంతా సర్దుకుంటుందన్న ధైర్యమే ఉంది, నేను చెబుతాను కదా అని.

"లేదు సార్," అన్నాను నేను. "అద్దమే బాగలేదు."

ఎందుకన్నాను? నన్ను ఎవరూ బెదిరించలేదు. చదువుకున్నవాళ్లు ఒక పక్క, నైనా ఒక పక్క నిలబడి ఉన్నారు. నేను చదువుకున్నవాళ్ల పక్కకు గెంతాను, అంతే. పెద్దనైనా చెయ్యి నా నెత్తి మీదకు వచ్చింది.

హెడ్మాస్టరు మర్యాదగా కాఫీ తాగి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు బడివాళ్లు ఒక తయారుచేసిన టెలిస్కోపు కొన్నారు. దాని బీరువా తాళంచెవి పెద్దనైనా నడుముకు చేరింది. ఆకాశాన్ని పేటకు పరిచయం చేసిన చరిత్ర అక్కడ మొదలైంది. ఇత్తడి ఐపీసు ఆయన తిరిగి ఇవ్వలేదు, నైనా అడగలేదు, ఇంకోటి చేసుకోలేదు. అద్దాన్ని పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టాడు. వరండాలోని పీపాలో ఇసుక పారబోసి అమ్మ నీళ్లు పట్టింది. ఆదివారాలు మాత్రం మామూలే. కుర్చీ, లోటా, నస్యం, గోడకు ఆనుకుని నైనా.

ఆ తర్వాత నేను పెద్దదాన్నయ్యాను, ఫిజిక్సు చదివాను, తిరువొత్తియూరులో ఒక కాలేజీ ల్యాబులో చేరి అక్కడే రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నైనా అద్దాన్ని అటక మీద నుంచి దించి, ఎవరికీ చెప్పకుండా సంచిలో పెట్టుకుని ల్యాబుకు పట్టుకెళ్లాను. దీపం ముందు పెట్టి, బ్లేడు అంచుతో వెలుతురును కోస్తూ అద్దం వంపును పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. ఎక్కడ వంకర ఉన్నా నీడ చెప్పేస్తుంది. నీడ ఎక్కడా మెలిక తిరగలేదు. దుకాణంలో కొన్నవాటికి కూడా అంత నున్నటి వంపు ఉండదు. నాకు అది కొత్త సంగతి కాదు. అయినా స్టూలు మీద కూర్చుండిపోయాను.

పెద్దనైనాను నేను నిలదీసింది నైనా కర్మాంతరం నాడు. భోజనాలయ్యాక, ఆకులు ఎత్తుతుండగా, ఆయన కుర్చీలో వెనక్కి వాలి వచ్చినవాళ్లకు తమ్ముడి గురించి చెబుతున్నాడు. "పాపం, అమాయకుడు. ఒక తూరి టెలిస్కోపు చేద్దామని చూసినాడు. కుదర్లా." ముక్కులోంచి ఆ గాలి వదిలాడు. నేను చేతిలోని ఎంగిలాకులు పెరట్లో పడేసి, చేతులు కడుక్కుని వచ్చి, ఒక్కమాట మాట్లాడాలని ఆయన్ని పెరట్లోకి పిలిచాను. అంతవరకూ ఆయన్ని మీరు అనే పిలిచేదాన్ని. ఆ రోజు పిలుపు మారిపోయింది.

"ఆ ఐపీసుతో కనబడదని నీకు తెలియదా?"

ఆయన నస్యం డబ్బీ తీశాడు, తట్టాడు, మూశాడు. "తెలుసు."

"తెలిసే పెట్టినావా?"

"బడిలో నాకొక మర్యాద ఉండింది. ఎనిమిదో క్లాసు చదివినోడు, పైగా నా తమ్ముడు, నా ల్యాబులో నిలబడి నా పిల్లోళ్లకు పాఠం చెప్తే నన్నెవురు మాస్టరంటారు? నీకిప్పుడు అర్థం కాదులే."

"నీకోసం బడి మానుకున్నాడు ఆయన."

"నేను మానుకోమన్నానా?" అని, లోపలికి పోబోతూ ఆగాడు. "సరి, నా సంగతి వదులు. అద్దం బాగలేదని సారుతో చెప్పింది ఎవరు? నేను నీకు నేర్పించలేదే. నేను అడిగినా, అంతే."

ఆయన వెళ్లి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు తర్వాత నేను ఆయన గడప తొక్కలేదు. పండగలకు పోలేదు, జబ్బు పడితే చూడలేదు. పోయాడంటే వెళ్లి పూలదండ వేయలేదు. అక్కయ్యకు ఇంత పగేంటని బంధువులు అనుకున్నారు. అనుకోనీ. చనిపోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని చెప్పేవాళ్లకు ఒక్కటే మాట: మా నైనా కూడా చనిపోయినవాడే. ఆయన గురించి ఆ కుర్చీలో మనిషి ఏం మాట్లాడాడో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఇప్పుడు నేనుండే ఇంటి మిద్దె మీదికి వెళితే ఎన్నూరు ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే పొగ, చుట్టూ అపార్టుమెంట్ల దీపాలు. అప్పట్లో చూసిన చుక్కల్లో పదో వంతు కూడా కనబడవు. చంద్రుడు కనబడతాడు, గురుగ్రహం కనబడుతుంది, చాలు. ఐపీసు మాత్రం సులువైపోయింది. ఫోను మీద వేలుతో నొక్కితే రెండు రోజుల్లో గుమ్మం ముందు పెట్టి పోతారు. మా నైనా భోజనం గంటలన్నీ పోగేసి చేసినంత మంచిది, ఒక కుటుంబం హోటల్లో తినే ఖర్చుకు వస్తుంది. వస్తువులు అందరికీ అందాయి. అబద్ధం మాత్రం పోలేదు. అప్పుడు ఒక మనిషి మిద్దె ఎక్కి నోటితో చెప్పవలసి వచ్చేది, ఇప్పుడు అట్టపెట్టె మీద రంగుల్లో వేస్తున్నారు. పదమూడేళ్ల పిల్ల ఎవరైనా ఆ పవరు ఐపీసులో కన్ను పెట్టి, ఏమీ కనబడక, తప్పు తనదేననుకుంటుంది. లేకపోతే, నాలాగా, తప్పు ఎవరిమీదకు తోస్తే తనకు మెప్పు వస్తుందో చూసుకుంటుంది.

నిన్న సుందరానికి మెసేజి పెట్టాను. ఇరవై అయిదు ఒకటి, పది ఒకటి, నాలుగుది బయటికి తీయవద్దు అని. "సరి అక్కా. ఆర్టికల్ ఎప్పుడు?" అని జవాబు పెట్టాడు. ఈ కాగితాలు అతనికి పంపుతాను. కోపం వస్తుంది. రానీ. అతని తండ్రి మీద నాకున్న కోపం ఆయన పోయినా తగ్గలేదు. నేను తగ్గనివ్వలేదు. అది తగ్గితే, ఆ మిద్దె మీద ఇంకా నిలబడి ఉండేది నేనొక్కదాన్నే.

పెరట్లో పెద్దనైనాతో మాట్లాడటానికి చాలా ఏళ్ల ముందు సంగతి ఒకటి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. నేను కాలేజీలో చదువుకు చేరిన మొదటి రోజు నైనా సెలవు పెట్టి నన్ను దిగబెట్టడానికి వచ్చాడు. పెరంబూరులో ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కాం. సీటు దొరకలేదు, తలుపు దగ్గర నిలబడ్డాం. ఏ సబ్జెక్టు తీసుకున్నావని ఎవరో అడిగితే ఫిజిక్సు అని ఆయనే చెప్పాడు, గర్వంగా. ఆ గర్వం చూసి ఉండబట్టలేక అడిగేశాను.

"నైనా, ఆ పొద్దు నీ ఐపీసు పెట్టమని గట్టిగా ఎందుకు అడగలేదు నువ్వు? అందరికీ కనబడిపోయేది గదా. పెద్దనైనా అన్నాడనా?"

ట్రైను చప్పుడు ఎక్కువగా ఉంది. నైనా నా చెవి దగ్గరగా వంగి, కోపం లేకుండా, వర్కుషాపు సంగతేదో చెబుతున్నట్టు చెప్పాడు.

"అన్న అన్నాడని కాదు మ్మే. ఆయన మాట నాకు అలవాటే. అడుగుదామనే నోరు తెరిచినా. అంతలో నువ్వు బాగలేదన్నావు. ఆడ అద్దంలో బాగా చూసింది నేనూ, నువ్వూ, మీ అమ్మా. నువ్వే లేదన్నాక, ఇంక ఎవురితో కొట్లాడేది నేను?"

స్టేషను వచ్చింది. జనం తోసుకుంటూ దిగుతున్నారు. పుస్తకాల సంచి నా భుజం మీద నుంచి తీసి ఆయనే పట్టుకుని, నాకు దారి చేస్తూ ముందు నడిచాడు.